లాంగ్ ప్లే వినడం నేర్చుకుందాం - 5వ పాఠం: పదిహేను నిమిషాల పాటకి తాళం వేయడం

పోయిన పాఠంలో చిన్న డిజిటల్ తూకం మీద రికార్డు ప్లేయరు ముల్లు ఆనించి బరువు చూసుకున్నాం. చాలామందికి అది 2 గ్రాముల చుట్టుపక్కల ఆగి ఉంటుంది. మీ కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే చిన్న డబ్బీ) కాగితంలో ఏ అంకె ఉందో అదే పెట్టుకోండి, నా అంకె కాదు. నాలుగు పాఠాలుగా స్క్రూడ్రైవరు, స్పిరిట్ లెవెలు పట్టుకుని కూర్చున్నారు. ఇవాళ వాటిని డబ్బాలో పడేసి పాట విందాం.

ఈ పాఠానికి కావలసినవి: గీతల కాగితం, పెన్సిలు, సెకన్లు చూపించే గడియారం, ఖాళీగా ఉన్న ఒక చెయ్యి. ఫోను పక్కగదిలో పెట్టండి.

రికార్డు పేరు 'మాస్టర్‌పీసెస్ బై ఎల్లింగ్టన్'. అమెరికా జాజ్ విద్వాంసుడు డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండు 1950 డిసెంబరు 18న న్యూయార్క్‌లో, కొలంబియా కంపెనీ 30వ వీధి స్టూడియోలో వాయించింది. మరుసటి ఏడాది 12 అంగుళాల ఎల్పీగా, అంటే లాంగ్ ప్లే రికార్డుగా వచ్చింది. 2014లో అనలాగ్ ప్రొడక్షన్స్ సంస్థ పాత మోనో (ఎడమ, కుడి అని విడదీయని ధ్వని) టేపు దగ్గరికి మళ్లీ వెళ్లి, 200 గ్రాముల వినైల్ మీద దీన్ని తెచ్చింది. ఆ సంస్థ ఉండేది అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని సలైనా ఊళ్లో. నేను వినేది ఆ ప్రతే. మొత్తం నాలుగే పాటలు. మొదటి వైపు 'మూడ్ ఇండిగో' 15 నిమిషాల 26 సెకన్లు, 'సొఫిస్టికేటెడ్ లేడీ' పదకొండున్నర నిమిషాలు. రెండో వైపు 'ద టాటూడ్ బ్రైడ్' మరో పదకొండున్నర పైచిలుకు, 'సాలిట్యూడ్' ఎనిమిదిన్నర. కొత్తవాళ్లు జాజ్ అనగానే భయపడేది ఈ పొడుగుకే. పావుగంట ఒకే పాట! ఎక్కడున్నామో తెలియదు, ఎటు పోతున్నామో తెలియదు, కాసేపటికి మనసు ఊరి మీదికి పోతుంది. పోకుండా పట్టుకోవడం ఎలాగన్నదే ఈ పాఠం.

ముందు కాస్త వెనక కథ

మన ఇళ్లలో పాతకాలం 78 ప్లేట్లు చూసినవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. 10 అంగుళాల ప్లేటు మీద ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. కచేరీలో ఇరవై నిమిషాలు పాడే కీర్తనని మన విద్వాంసులు ఆ మూడు నిమిషాల్లో ముడిచి పెట్టేవాళ్లు. ఆలాపన ఒక గుక్క, పల్లవికి రెండు మూడు సంగతులు, ఒక్క చరణం, అంతే. అమెరికాలో డ్యాన్సు బ్యాండ్లదీ అదే అవస్థ. 1930లో ఎల్లింగ్టన్ మొదటిసారి రికార్డు చేసిన 'మూడ్ ఇండిగో' కూడా ఆ మూడు నిమిషాల సరుకే.

ఎల్లింగ్టన్‌కి ఈ గది మొదట్నించీ ఇరుకే. 1931లో 'క్రియోల్ రాప్సడీ'ని ప్లేటుకి రెండు వైపులా పరిచాడు. 1935లో తల్లి పోయాక రాసిన 'రెమినిసింగ్ ఇన్ టెంపో' నాలుగు వైపులు తీసుకుంది. అంటే వినేవాడు పాట మధ్యలో మూడుసార్లు లేచి ప్లేటు తిప్పాలి. ఏడుపు మధ్యలో ఎవరో తలుపు కొట్టినట్టు! 1943 జనవరిలో కార్నెగీ హాల్లో 'బ్లాక్, బ్రౌన్ అండ్ బేజ్' అని ముప్పావు గంట రచన వాయించాడు. దాన్ని ఆ ప్లేట్ల మీద పూర్తిగా పరచడం ఎవరి తరం?

1948 జూన్‌లో కొలంబియా ఎల్పీని బయటపెట్టింది. నిమిషానికి 33⅓ చుట్లు, సన్నటి గాడి, విరగని వినైల్. ఆ వెంటనే స్టూడియోల్లోకి మాగ్నెటిక్ టేపు వచ్చింది. ఈ రెండూ కలిసిన చోట, ఎల్లింగ్టన్ బ్యాండు తన పాత మూడు నిమిషాల పాటల్నే మూడింటిని మళ్లీ ముందేసుకుని, కచేరీల్లో వాయించే నిడివితో, అంతకన్నా నిడివితో వాయించింది. నాలుగోది, 'టాటూడ్ బ్రైడ్', 1948లో కార్నెగీ హాలు కోసం తయారైన పెద్ద రచన.

ఇంకొక్క మాట చెప్పి ముందుకు పోదాం. ఈ రికార్డింగ్ అయిన కొన్ని వారాలకే, 1951 మొదట్లో, ఆల్టో సాక్సోఫోన్ జానీ హాడ్జెస్, ట్రాంబోన్ లారెన్స్ బ్రౌన్, డ్రమ్స్ సానీ గ్రీర్, ముగ్గురూ బ్యాండు వదిలి వెళ్లిపోయారు. గ్రీర్ 1920ల నాటి నుంచీ ఉన్నవాడు. ఉమ్మడి ఇల్లు వేరుపడే ముందు అందరూ కలిసి దిగిన ఫొటో చూసినట్టుంటుంది నాకు ఈ రికార్డు.

ఆది తాళం చాలు

ఇక పనిలోకి. జాజ్‌లో ఈ రకం పాటలకి పునాది ఒక చిన్న అచ్చు. 'మూడ్ ఇండిగో' రాగానికి అది 16 బార్లు. బార్ అంటే నాలుగు దెబ్బలు. 16 నాలుగులు 64. మనకి చిన్నప్పటి నుంచీ చేతిలో ఉన్న ఆది తాళం ఎనిమిది అక్షరాలు. ఎనిమిది ఎనిమిదులు 64. అంటే ఎనిమిది ఆవర్తనాలు తిరిగితే అచ్చు ఒకసారి పూర్తయినట్టు. దాన్ని వాళ్లు కోరస్ అంటారు. కోరస్ పూర్తవగానే మళ్లీ అదే అచ్చు మొదటి నుంచి. పాట పొడుగంతా ఇదే గానుగ తిరుగుడు. పైన వాయించేవాడు మారతాడు, కింద చక్రం మారదు.

తాళం మరిచిపోయినవాళ్లకి: తొడ మీద ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. తర్వాత దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఇంతే. సంగీతం మాస్టారి దగ్గర సరళీ స్వరాలు దాటని నాకే వచ్చిందంటే అందరికీ వస్తుంది.

చెయ్యి దేన్ని పట్టుకోవాలి? బూరల్ని పట్టుకోకండి, మోసపోతారు. హాడ్జెస్ లాంటివాడు స్వరాన్ని దెబ్బ మీద వేయడు. కాస్త వెనక నుంచి జారుతూ వచ్చి చేరతాడు. అతని వెంట చెయ్యి వేస్తే రెండు ఆవర్తనాల్లో తప్పిపోతారు. కింద వెండెల్ మార్షల్ డబుల్ బాస్, నిలబెట్టి వాయించే పెద్ద తీగ వాద్యం, నడుస్తుంటుంది. ఆ అడుగుల్ని పట్టుకోండి. రెండు దెబ్బలకి ఒక అడుగే వినిపిస్తుంటే మధ్య దెబ్బ మీరు నింపుకోండి. మొదటిసారి ముల్లు దించినప్పుడు కాగితం ముట్టుకోవద్దు. ఊరికే చెయ్యి వేస్తూ వినండి. బాస్‌తో చెయ్యి కలిసిన క్షణం మీకే తెలుస్తుంది, భుజం వదులవుతుంది.

రెండోసారి వినేటప్పుడు పెన్సిలు. ఎడమ చెయ్యి తాళం వేస్తుంటే, ఆవర్తనం పూర్తయినప్పుడల్లా కుడి చేత్తో కాగితం మీద ఒక గీత. ఎనిమిది గీతలైతే ఒక అడ్డగీత కొట్టి కింది వరుసలోకి దిగండి. వరుస పక్కన గడియారంలో ఎంతైందో వేయండి. ఎవరు వాయిస్తున్నారో పేరు తెలియకపోతే 'మూసిన బూర', 'తేనె సాక్సు', 'ఆడగొంతు' అని మీకు తోచింది రాసుకోండి. ఇలా గీసుకున్న నా మొదటి పటంలో ఒక చోట 'వాగుతున్న ట్రాంబోన్' అని ఉంది, ఇప్పటికీ అంతకన్నా మంచి పేరు దొరకలేదు.

మధ్యలో లెక్క తప్పుతుంది, తప్పక తప్పుతుంది. రెండు కోరస్‌ల మధ్య అతుకుగా రెండు మూడు బార్లు ఎక్కువ వేస్తారు, ఇంకో శ్రుతిలోకి దాటడానికి మెట్లు కడతారు. పైగా ఈ పాటకి రెండో రాగం కూడా ఒకటుంది, అదీ 16 బార్లదే. లెక్క తప్పిన చోట ముల్లు ఎత్తకండి. అక్కడ ఒక ప్రశ్నగుర్తు వేసి, ముందుకు పోయి, మళ్లీ రాగం మొదలైన చోట చెయ్యి కలుపుకోండి. మూడో నాలుగో సారి ఆ ప్రశ్నగుర్తుల దగ్గరే అసలు తమాషా కనబడుతుంది. ఎల్లింగ్టన్, అతనితో కలిసి పాటలు కట్టే బిల్లీ స్ట్రేహార్న్, ఇద్దరూ కలిసి ఈ పాత పాటల్ని విప్పి కుట్టిన కుట్లు అవే.

ఆ ముగ్గురు

ఇప్పుడు పటం పక్కన పెట్టి, రాగం ఎత్తుకునే చోటు ఒక్కటే దగ్గర నుంచి విందాం. నా మట్టుకు ఈ రికార్డు కొన్న డబ్బులు అక్కడే తీరిపోయాయి.

మూడు వాద్యాలు కలిసి వాయిస్తాయి: ట్రంపెట్, ట్రాంబోన్, క్లారినెట్. మన బ్యాండు మేళాల్లో ఊరేగింపు ముందు క్లారినెట్ కీచుగా పైన పాడుతుంటే కింద పెద్ద బూరలు దన్ను పడతాయి కదా, మామూలుగా ఎవరు రాసినా అదే వరస. పైన క్లారినెట్, నడుమ ట్రంపెట్, అడుగున ట్రాంబోన్. ఎల్లింగ్టన్ 1930లోనే ఈ వరసని తలకిందులు చేశాడు. పైన మూత పెట్టిన ట్రంపెట్, దానికి ఆనుకుని మూత పెట్టిన ట్రాంబోన్ తన గొంతు చివరి మెట్టు మీద, క్లారినెట్ ఏమో ఎక్కడో అడుగున, చెక్క వాసన వచ్చే మంద్రంలో. మూడూ మెల్లగా, ఒకే ఊపిరితో. అప్పట్లో అది వాయించినవాళ్లు ఆర్థర్ వెట్సెల్, జో నాంటన్, బార్నీ బిగార్డ్. 1950 బ్యాండులో వాళ్లు ముగ్గురూ లేరు, మనుషులు మారారు, అల్లిక మాత్రం నిలిచింది.

ఇక్కడ చెయ్యవలసిన సాధన ఇది. మొదటి రెండు ఆవర్తనాలు పై స్వరం ఒక్కదాన్నే వినండి. ముల్లు మళ్లీ మొదటికి తీసుకెళ్లి, ఈసారి అడుగు స్వరాన్నే వినండి, క్లారినెట్‌ని. కష్టం, ఎందుకంటే పైదే చెవిని లాగుతుంది. క్లారినెట్ దొరికాక మూడోసారి నడిమిదాన్ని వెతకండి. ట్రాంబోన్ అని తెలిసి విన్నా అది ట్రాంబోన్‌లా ఉండదు, ఇంకో ట్రంపెట్‌కి జలుబు చేసినట్టుంటుంది. ఇళయరాజా పాటల్లో తీగ వాద్యాల వరసలు విడదీసి విన్న అలవాటున్నవాళ్లకి ఇది నాలుగైదు సార్లలో వచ్చేస్తుంది. తక్కినవాళ్లకి వారం పట్టినా తప్పులేదు.

మంచి ప్రెస్సింగ్‌కి (అంటే వినైల్ మీద ఒత్తి తీసిన ప్రతికి), నాసి ప్రెస్సింగ్‌కి తేడా తెలిసేది కూడా ఇక్కడే, పెద్ద పెద్ద బూరల ఉరుముల్లో కాదు. ముగ్గురూ మెల్లగా వాయిస్తున్నప్పుడు మూడు గొంతులూ మూడుగా ఉన్నాయా, ముద్దయిపోయాయా? స్వరం ఆగిపోయాక గదిలో అది కరిగే చప్పుడు వినిపిస్తోందా, లేక చటుక్కున తెగిందా? ఆ 30వ వీధి స్టూడియో ఒకప్పటి చర్చి. కప్పు దాదాపు 100 అడుగుల ఎత్తు. మైకు ముందు మనిషి ఊదింది ఆ ఎత్తుకి పోయి తిరిగి వచ్చే ఆ కొసరు ధ్వని టేపు మీద ఉంది. ఈ ప్రతిలో అది గాడిలోకి దిగింది.

ఇంకా పాటలోకి వెళ్తే హాడ్జెస్ వస్తాడు. గాయని ఇవోన్ లనోజ్ గొంతు వస్తుంది. టైరీ గ్లెన్ ట్రాంబోన్ వస్తుంది, నేను 'వాగుతున్న' అని రాసుకున్నది దాన్నే. సింకు పూడుకుపోతే వాడే రబ్బరు కప్పు ఉంటుంది చూడండి, కర్ర పీకేసి ఆ కప్పునే బూర నోటికి అడ్డం పెట్టి మూస్తూ తెరుస్తూ వాయిస్తారు. దాంతో ఇత్తడి బూర 'వా, వా' అని మనిషిలా మాట్లాడుతుంది. ఎవరి తర్వాత ఎవరో మాత్రం నేను చెప్పను. చెప్తే మీరు గీతలు గీయరు.

కీర్తనలు వినే అలవాటున్నవాళ్లకి ఒక ఆసరా ఇస్తాను. త్యాగయ్య కృతిలో పల్లవి మొదటి సంగతి సాదాగా ఉంటుంది. రెండోది ఒక స్వరం ఎక్కువ పలుకుతుంది, మూడోది ఇంకో మలుపు, ఆరోదానికి వచ్చేసరికి అదే పంక్తి గోపురమంత అవుతుంది. మాట మారదు, తాళం మారదు. కోరస్‌లని అలా వినండి, ఒక్కొక్కటి ఒక సంగతి. తేడా ఏమిటంటే, అక్కడ సంగతుల్ని పాడేది ఒక్క గొంతు. ఇక్కడ ప్రతి సంగతికీ గొంతు మారుతుంది, వెనక రంగు మారుతుంది. ఈ పోలికని ఇంతకు మించి లాగకండి, తెగుతుంది. వీళ్ల పాటకి కింద హార్మనీ అని ఇంకో అంతస్తు ఉంది, దాని సంగతి 7వ పాఠంలో.

గాడి లెక్క

ఇది ఇష్టం లేనివాళ్లు దాటేసి కింద 'ఇంటిపని' దగ్గర కలవండి. నాకు మాత్రం ఈ లెక్కలంటే ప్రాణం.

'మూడ్ ఇండిగో' అయ్యేలోపు పళ్లెం 514 చుట్లు తిరుగుతుంది. మొదటి వైపు రెండు పాటలూ కలిసి దాదాపు 27 నిమిషాలు, అంటే దాదాపు 900 చుట్లు. 12 అంగుళాల రికార్డు మీద గాడి పరవడానికి దొరికేది గట్టిగా చూస్తే 86 మిల్లీమీటర్ల వెడల్పు. భాగించండి: ఒక చుట్టుకి 0.1 మిల్లీమీటరు కూడా రాదు. తల వెంట్రుకంత జాగాలో గాడి, దాని పక్కన గోడ రెండూ పట్టాలి. ఎల్పీ వైపుకి 20 నిమిషాలు హాయి, 27 అంటే సర్దుబాటే. అందుకని గాడిలో ధ్వని కాస్త తగ్గించి చెక్కాలి. మీరు చెయ్యాల్సింది ఒక్కటే, వాల్యూమ్ మామూలుకన్నా కాస్త పెంచుకోవడం. పాట మెల్లగా ఉందని రికార్డుని తిట్టకండి.

రెండో సంగతి. రికార్డు అంచున గాడి ముల్లు కింద సెకనుకి దాదాపు 51 సెంటీమీటర్లు పరిగెడుతుంది. లేబులు దగ్గరికి వచ్చేసరికి అది 21 సెంటీమీటర్లు. చుట్లు అన్నే, చుట్టుకొలత తగ్గింది. అంచున ఎకరంలో రాసిన రాత లేబులు దగ్గర అరెకరం కన్నా తక్కువలో రాసినట్టు. 'సొఫిస్టికేటెడ్ లేడీ'లో ఆడగొంతు 'స' కారాలు బుస కొట్టినట్టు వినిపిస్తే, మొదట మీ కార్ట్రిడ్జ్ కోణం అనుమానించండి. 3వ పాఠంలో ప్రొట్రాక్టర్ కాగితం మీద రెండు చుక్కలు పెట్టుకున్నాం కదా, పళ్లెం నడిమి నుంచి లోపలిది 66 మిల్లీమీటర్ల దగ్గర, బయటిది 120.9 దగ్గర. ఆ లోపలి చుక్క దగ్గర కార్ట్రిడ్జ్ గీతలకి సరిగ్గా సమాంతరంగా కూర్చుందేమో మళ్లీ చూడండి. నూటికి తొంభై పాళ్లు జబ్బు అక్కడే ఉంటుంది.

ఇక పాత ప్రతా, కొత్త ప్రతా అన్న గొడవ. 1951 నాటి అసలు ప్రతి దొరికితే కళ్లకద్దుకోండి, కాదనను. కానీ దాన్ని చెక్కింది కొలంబియా సొంత కొలత ప్రకారం. రికార్డు చెక్కేటప్పుడు హెచ్చు స్థాయి ధ్వనుల్ని పెంచి, వినేటప్పుడు అంతే తగ్గిస్తారు. 10 వేల హెర్ట్జ్ దగ్గర కొలంబియా ఆ పెంపు 16 డెసిబెల్స్. 1954లో పరిశ్రమంతా ఒప్పుకున్న ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) కొలత అదే చోట 13.7. మీ ఇంట్లో ఫోనో ఆంప్లిఫయరు (ముల్లు నుంచి వచ్చే ధ్వనిని పెంచే పెట్టె) తగ్గించేది 13.7 మాత్రమే. మిగిలిన రెండు డెసిబెల్స్ పైచిలుకు ట్రంపెట్లకి పదునుగా అతుక్కుంటుంది. అందరూ 'పాత ప్రెస్సింగ్ జీవం' అనేదాంట్లో కొంత ఈ లెక్క తేడాయేనని నా గట్టి అనుమానం. కొత్త ప్రతిని ఇప్పటి కొలతతో చెక్కారు కాబట్టి మీ పెట్టెతో అది సరిపోతుంది.

200 గ్రాముల సంగతి: గాడి లోతు బరువుతో పెరగదు. 120 గ్రాముల రికార్డులోనూ గాడి అంతే ఉంటుంది. బరువైన రికార్డు వంగడం కాస్త తక్కువ, చేతికి దర్జాగా ఉంటుంది, అంతే. ధ్వని బాగుండేది టేపు అసలుది కావడం వల్ల, చెక్కినవాడి చెయ్యి వల్ల, వినైల్ శుభ్రంగా ఉండడం వల్ల. అట్ట మీద గ్రాములు చూసి రికార్డు కొనడం పుచ్చకాయని బరువు చూసి కొనడం లాంటిది.

మోనో అని చిన్నచూపు చూడొద్దు. మోనో గాడిలో పాట అంతా ముల్లు అటూ ఇటూ ఊగడంలోనే ఉంటుంది. పైకీ కిందకీ కదిలితే అది దుమ్మో, పళ్లెం రొదో. మీ ఆంప్లిఫయరు మీద మోనో మీట ఉంటే నొక్కండి, ఆ పైకిందుల చప్పుడు చాలామటుకు మాయమవుతుంది. మీట లేకపోతే వైర్లతో ప్రయోగాలు చేయొద్దు, వదిలేయండి. మోనోలో ఎడమ, కుడి ఉండవు. దగ్గర, దూరం ఉంటాయి. హాడ్జెస్ ముందుకొచ్చి నిలబడ్డాడు, మిగతా సాక్సోఫోన్లు రెండడుగులు వెనక, డ్రమ్స్ ఇంకా వెనక గోడ దగ్గర. కళ్లు మూసుకుంటే లెక్కపెట్టొచ్చు.

నేను మోసపోయిన కథ

ఇది ఈ రికార్డు సంగతి కాదు, వేరే కంపెనీ వేసిన వేరే బ్యాండు రికార్డు, పేరెందుకు. కొత్తలో అందులో క్లారినెట్ నిలబెట్టిన స్వరాల్లో ఒక తూగు వినిపించేది. అబ్బ, ఏం గమకం అనుకున్నాను. వచ్చినవాళ్లందరికీ వినిపించి, చూశారా, మనవాళ్ల కంపితంలా లేదూ అని మురిసిపోయాను కూడా. నెల రోజులకి మా మేనల్లుడు పియానో ఒంటరిగా వాయించే ముక్క విని, "మామయ్యా, పియానోకి గమకం ఎలా వచ్చింది?" అన్నాడు. నోట మాట రాలేదు నాకు.

రికార్డు నడిమి చిల్లు పక్కకి పడింది. అలా పడితే ప్రతి చుట్టుకీ స్వరం ఒకసారి ఎక్కి ఒకసారి దిగుతుంది. 33⅓ చుట్లకి చుట్టు ఒక్కంటికి 1.8 సెకన్లు. మీరు కూడా పరీక్షించుకోండి: ముల్లు నడుస్తుండగా కంటిని పళ్లెం ఎత్తుకి దించి, టోన్ ఆర్మ్ (ముల్లుని మోసే కడ్డీ) తలకాయని పక్క నుంచి చూడండి. లేబులు వైపు మెల్లగా, నిలకడగా జరగాలి. ఊయలలా అటూ ఇటూ ఊగుతుంటే, ఆ ఊగడం గడియారంలో 1.8 సెకన్లకి ఒకటి చొప్పున పడుతుంటే, చిల్లు తప్పు. దుకాణం వాళ్లకి తిరిగిచ్చేయండి. గమకం అని మురవకండి.

హాడ్జెస్ జారుడుని మాత్రం దీనితో కలపొద్దు. అతను ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారేటప్పుడు ప్రతిసారీ వేరే వేగంతో జారతాడు. గడియారానికి దొరకడు.

ఇంటిపని

వారంలో 'మూడ్ ఇండిగో' అయిదుసార్లకి తక్కువ కాకుండా వినండి. రోజుకి ఒక్కసారే. ఒకే రోజు అయిదుసార్లు వింటే చెవి మొద్దుబారుతుంది. కాగితం మీద వరుసలు, పేర్లు, సమయాలు, ప్రశ్నగుర్తులు తేలాలి. అయిదో రోజు పటాన్ని చూస్తూ వినండి, రాయకండి.

ఆ తర్వాత 'సొఫిస్టికేటెడ్ లేడీ' ఒక్కసారి. దీని అచ్చు వేరు, 32 బార్లు, మీ చేతిలో 16 ఆవర్తనాలు. నాలుగు ముక్కలుగా కోయండి, ఒక్కొక్కటి నాలుగు ఆవర్తనాలు. మొదటి రెండూ ఒకే రాగం, మూడోది కొత్తది, నాలుగోది మళ్లీ మొదటిదే. ఆ మూడో ముక్క దగ్గర చెవి నిక్కబొడుచుకోండి. అక్కడ పాట ఉన్న శ్రుతి నుంచి అర మెట్టు కిందికి దిగి కూర్చుంటుంది. నిండు గదిలో ఎవరో దీపం ఒత్తి కాస్త తగ్గించినట్టుంటుంది. నాలుగో ముక్కకి మళ్లీ పైకి ఎలా ఎక్కిందో పట్టుకోగలిగితే పటంలో దాని పక్కన ఒక నక్షత్రం వేసుకోండి.

వచ్చే పాఠం 'టాటూడ్ బ్రైడ్'. దానికి ఈ గానుగ పద్ధతి పనికిరాదు. వడిగా మొదలై నడుమ మెల్లబడి మళ్లీ వడి అందుకునే రచన అది. ఒకే చిన్న స్వరాల పోగుని పట్టుకుని పాట పొడుగునా వెతకాలి, జిమ్మీ హామిల్టన్ క్లారినెట్ మీద ఒక స్వరాన్ని ఎంతసేపు నిలబెట్టాడో ఊపిరి బిగబట్టి చూడాలి. దానికి గీతల కాగితం వద్దు, గళ్ల కాగితం తెచ్చుకోండి. ముల్లుని బ్రష్‌తో తుడిచేటప్పుడు వెనక నుంచి ముందుకే తుడవండి, పక్కలకి వద్దు. పోయిన నెల నేనే తొందరపడి పక్కకి తుడిచి ఒక ముల్లు వంచుకున్నాను.